వంకపెట్టి తినే మనిషి

పెద్దకర్మ భోజనంలో వంకాయ కూర అడుగంటింది. ఆ వాసన వడ్డించే గరిటెతో పాటే పంక్తి పొడుగునా నడిచి వస్తోంది. అందరూ తల వంచుకుని గౌరవంగా తింటున్నారు. చావింట్లో తిండికి వంక పెట్టకూడదు కదా. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కనున్న పెద్దావిడ నా వీపు నిమిరింది. ఆవిడ పూర్తిగా పొరబడిందని కూడా చెప్పలేను.

గోడమీద దండలో ఉన్న మనిషి ఆ పంక్తిలో కూర్చుని ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, పైకి చూసి, "ఏందో తక్కువైంది" అనేవాడు. కాసేపు లోపల వెతుక్కునేవాడు. దొరికాక, "ఆఁ, వండినోనికి ఓపిక తక్కువైంది" అనేవాడు. ఆ తర్వాత ఆ మాడిన కూరంతా తినేవాడు. మారు అడిగి పెట్టించుకునేవాడు.

ఆయన డ్రైవరు. నేను ఆయన బస్సులో కండక్టర్ని. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లపాటు ఒకే బస్సులో, ఒకే దారిలో తిరిగాం. పేరు రాయడం లేదు. రాస్తే అందులోనూ ఏదో తక్కువైందంటాడని భయం. ఊరు తిరుమలాయపాలెం దిక్కు, మిరప, పత్తి వేసే ఇల్లు. అంతకు మించి ఆయన గురించి నాకు తెలిసిందంతా భోజనాల దగ్గర తెలిసిందే.

మా డిపో ఖమ్మానికీ భద్రాచలానికీ నడుమ రోడ్డు మీద ఉండేది. పొద్దున బస్సు తీసుకుని అడవిలోపలి ఆఖరి ఊరికి వెళ్లేవాళ్లం. అక్కడ మధ్యాహ్నం కాసేపు ఆగి, తిరిగి డిపోకి వచ్చి, మళ్లీ తల్లాడ మీదుగా ఖమ్మం. ఆ ఆఖరి ఊళ్లో బడి గోడ నీడన బస్సు ఆపగానే ఆయన ఖాకీ చొక్కా విప్పి పక్క అద్దానికి తగిలించేవాడు. బనీను మీద తువ్వాలు వేసుకునేవాడు. దారి పొడుగునా ఇంజను మూత మీద పెట్టుకుని తెచ్చిన బాక్సు తీసేవాడు. ఆ వేడికి అన్నం పొయ్యి మీంచి దింపినట్టే ఉండేది. మూత తీసి ముందు వాసన చూసేవాడు. ఆ చూడడంలోనే సగం తీర్పు అయిపోయేది.

వాళ్లావిడ పప్పు మొదలుకుని హోటలు టీ దాకా ఆయన వంక పెట్టనిది లేదు. ఒకసారి ఎవరో ప్రయాణికుడు భద్రాచలం నుంచి తెచ్చిన ప్రసాదం పులిహోర ఆయన చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకుని తిన్నాడు. తిని, "పసుపు ఎక్కువైంది" అన్నాడు. ఆ పెద్దమనిషి బిత్తరపోయాడు. "అట్లనొద్దు డ్రైవరు సాబ్, దేవుని సొమ్ము" అన్నాడు.

"దేవుడు చెప్పడు గద. ఎవరో ఒకరు చెప్పాలె" అన్నాడు ఈయన, దొన్నె అంచుకంటిన మెతుకు కూడా వదలకుండా.

పెద్దకర్మ రోజు వాళ్లావిడ నా చేయి పట్టుకుని అదే చెప్పింది. "ఇంట్ల ఒక్కనాడన్న మంచిగున్నదనలే బిడ్డా. ఒక్కనాడన్న పళ్లెంల మిగిలియ్యలే." నాకు చప్పున అర్థమైంది. ఆవిడ ఫిర్యాదు చేయడం లేదు.

ఇక నా సంగతి. మాది అడవి అంచున కోయగూడెం. మా గూడెంలో జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను నేను. అదీ కాంట్రాక్టు జీతం. నాన్న లేడు. తమ్ముడు ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఇంట్లో అమ్మ. పొద్దున చీకటితోనే లేచి నాకు బాక్సు కట్టేది. ఆ బాక్సులో ఏముంటుందో కాలాన్ని బట్టి ఉండేది. వానలకు లేత వెదురు మొలకల కూర. చలికాలం చిక్కుళ్లు, అదీ ఊళ్లో చిక్కుడు పండుగ అయ్యాకే. పండుగ చేయకుండా కొత్త కాయ మేం నోట్లో పెట్టం. ఎండాకాలం మొదలుకుని ఇప్పపూలు. చెట్టు కింద రాలినవి ఏరి, ఎండబెట్టి దాచుకుంటాం. నానేసి, ఉడకబెట్టి, వేయించిన నువ్వులు దంచి కలిపి, ఎండుమిర్చి తాలింపు పెడుతుంది మా అమ్మ. అన్నంలోకి బాగుంటుంది. కొంచెం తీపి, కొంచెం కారం.

డిపోలో సిబ్బంది కూర్చునే గదిలో పొడుగాటి బల్ల ఒకటి ఉండేది. నేను చేరిన కొత్తలో ఆ బల్ల దగ్గరే బాక్సు విప్పాను. వెదురు మొలకల వాసన కొత్తవాళ్లకి గట్టిగానే ఉంటుంది, కాదనను. "ఏంది మేడమ్ ఇది, పశువుల దాణానా" అన్నాడొకతను. ఇంకొకతను మా గూడేల్లో ఎలుకల్నీ, పిల్లుల్నీ ఎట్లా తింటారో నన్నే అడిగి, నేను చెప్పకముందే అందరికీ తనే చెప్పాడు. వాళ్లందరిలో పెద్ద నోరున్న కండక్టరు ఒకడుండేవాడు. నవ్వించడంలో దిట్ట. నా బాక్సు మూత తీయగానే ముక్కు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. గదంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఈమెకి పొగరంటారు.

వెక్కిరించేవాళ్లు ఒక రకం. మెచ్చుకునేవాళ్లు ఇంకో రకం. ఆఫీసులో పనిచేసే ఒక మేడమ్ వచ్చి, "మీ తిండి చాలా ఆరోగ్యమంట కదా, షుగర్లు గట్రా రావంట కదా" అని ఎంతో ప్రేమగా అనేది. అంటూనే తన బాక్సు నా బాక్సుకి తగలకుండా ఇంకాస్త జరుపుకునేది. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం రావాలో నాకు తేలేది కాదు.

చివరికి ఏం చేశానంటే, ఆ గదిలో తినడం మానేశాను. అడవి ఊళ్లో బస్సు ఆగినప్పుడు ఆఖరి సీట్లో కూర్చుని, కిటికీ రేకు దించి, బాక్సు ఒళ్లో పెట్టుకుని, మూత సగమే తీసి గబగబా తినేదాన్ని. మా గూడెం లాంటి గూడేలు చుట్టూ ఉన్న చోటే నేను అట్లా తిన్నాననేది ఇప్పుడు తలుచుకుంటే నాకే విడ్డూరంగా ఉంటుంది. కొన్ని రోజులు అదీ లేదు. బాక్సు అట్లాగే ఇంటికి తీసుకుపోయి, గేటు దగ్గరే కుక్కకి పెట్టేసి, "తిన్ననే" అని అమ్మకి చెప్పేదాన్ని. సాయంత్రం ఖమ్మం ట్రిప్పులో కళ్లు తిరిగేవి. ఈ ఉద్యోగం మనవల్ల కాదని, మానేస్తానని అమ్మకి చెప్పడానికి మాటలు కూడబెట్టుకుంటూ ఉండేదాన్ని. తమ్ముడి చదువు గుర్తొచ్చి ఆ మాటలు మింగేసేదాన్ని. కడుపులోకి పోయేది అవొక్కటే.

ఒకరోజు రేకు దించుకుని కూర్చున్నాను. ఆయన బనీనుతో, చేతిలో బాక్సుతో, బస్సు వెనక దాకా నడిచి వచ్చాడు. "ఏందమ్మా, దొంగ సొమ్మా అది? అట్ల దాచుకుంటున్నవ్" అన్నాడు.

నేను మూత పెట్టేశాను.

"తియ్యి. ఏందది?"

"ఇప్పపువ్వు బాబాయ్" అన్నాను. అని, వినడానికి సిద్ధపడ్డాను. వెక్కిరింత అయితే నవ్వాలి, మెచ్చుకోలు అయితే తలూపాలి. రెండింటికీ నా మొహం అలవాటు పడిపోయింది.

ఆయన నా ముందున్న సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, చేయి చాపి, చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నమలడం ఆపాడు. పైకి చూశాడు. "ఏందో తక్కువైంది" అన్నాడు. ఇంకొంచెం తీసుకున్నాడు. "తక్కువ కాదు. నువ్వులు మాడినయ్."

నాకు ఒళ్లు మండింది. "మాడలే. మా అమ్మ ఏనాడూ మాడగొట్టదు" అన్నాను.

"మాడినయ్. చేదొస్తాంది చూడు."

"ఆ చేదు ఇప్పపువ్వుది."

"ఇప్పపువ్వు తియ్యగున్నది గద. చేదు నువ్వులది" అని ఇంకో ముద్ద తీసుకుని, రుజువు దొరికినట్టు తలాడించాడు. నేను తిని చూశాను. మాడాయి. ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణం బయలుదేరేదాకా ఇద్దరం నువ్వుల మీద పోట్లాడుకున్నాం. బస్సెక్కిన ముసలమ్మ ఒకావిడ, "తండ్రీ బిడ్డలు ఏందో గొడవ పడుతున్నరు" అని పక్కావిడతో అంది.

ఆ సాయంత్రం ఖమ్మం దారిలో టికెట్లు కొడుతూ నాలో నేను ఆశ్చర్యపోయాను. నా తిండి గురించి అంతసేపు మాట్లాడాను. ఒక్కసారి కూడా సిగ్గు అనిపించలేదు. అంతదాకా అందరూ నా బాక్సులో మా గూడేన్ని చూశారు, అడవిని చూశారు, ఆరోగ్యాన్ని కూడా చూశారు. కూరను చూసినవాడు ఈయన ఒక్కడే. వాళ్లావిడ పప్పునీ, దేవుడి పులిహోరనీ ఏ నాలుకతో తూచాడో మా అమ్మ కూరనీ ఆ నాలుకతోనే తూచి, వంక పెట్టాడు. అంతకంటే పెద్ద మర్యాద నాకు ఆ డిపోలో ఎవరూ చేయలేదు.

ఇంటికి పోయి అమ్మతో చెప్పాను, డ్రైవరు బాబాయ్ నువ్వులు మాడాయన్నాడని. మా అమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. "పొయ్యి కాడ ఆయన కూసున్నడా" అంది మా భాషలో. గొణుక్కుంటూనే పడుకుంది. పొద్దున లేచేసరికి నువ్వులు విడిగా, సన్న సెగ మీద, పక్కనే కూర్చుని వేయిస్తోంది. బాక్సు పెద్దదైంది. "ఇయ్యాల చెప్పమను, ఏం తక్కువైందో" అని నా చేతికిచ్చింది.

ఆయన తిన్నాడు. "నువ్వులు కుదిరినయ్. ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఆ రోజుతో మా అమ్మకీ ఆయనకీ యుద్ధం మొదలైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంది లేదు. నేను నడుమ రాయబారిని. వెదురు మొలకలు ఇంకో పొంగు రావాలన్నాడు ఈయన. అది పట్నం పళ్లకోసం వండింది కాదని చెప్పమంది అమ్మ. తిరుమలాయపాలెం పట్నమెప్పుడైందని అడగమన్నాడు ఈయన. ఎండుచేపల పులుసు మీద అయితే వారం రోజులు నడిచింది. వాళ్లావిడ చేసిన గోంగూర పచ్చడి ఒక డబ్బాలో పెట్టి, "మీ అమ్మను గూడ వంక పెట్టమను, నేనేం అనుకోను" అని పంపాడు. మా అమ్మ వేలితో నాకి చూసి, చాలాసేపు ఆలోచించి, "వెల్లుల్లి ఎక్కువ" అంది. ఆ మాట చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. "నేను రోజూ అదే చెప్పుకుంటొస్తున్న" అన్నాడు.

చిక్కుళ్ల కాలంలో ఒకరోజు వాళ్లింటి నుంచి కొత్త చిక్కుడు కూర తెచ్చి నాకు వేయబోయాడు. మా ఊళ్లో పండుగ కాలేదని చెయ్యి అడ్డం పెట్టాను. ఎప్పుడని అడిగాడు. వచ్చే వారమన్నాను. డబ్బా మూసేశాడు. ఆ వారమంతా చిక్కుడు కూర తీసుకురాలేదు. వాళ్లావిడ వండితే ఇంట్లోనే తిని వచ్చానని తర్వాత చెప్పాడు. ఆ కూరలో కూడా ఏదో తక్కువైందట.

నేను తినడం మొదలుపెట్టాను. కళ్లు తిరగడం పోయింది. కిటికీ రేకు ఎత్తి ఉంచేదాన్ని. కానీ అది అడవి ఊళ్లోనే. డిపో గదిలోని బల్ల దగ్గరికి పోవడానికి మాత్రం ఇంకా కాళ్లు వచ్చేవి కావు.

ఆ రోజుల్లోనే మా డిపోకి ఊదే మిషను వచ్చింది. తాగి బండి నడిపేవాళ్లను పట్టుకోవడానికి. పొద్దున డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లంతా వరసగా నిలబడి గొట్టంలో ఊదాలి. అంకె పడితే అక్కడినుంచే ఇంటికి. ఆ మిషన్ మీద డ్రైవర్లలో రకరకాల కథలు. దగ్గు మందు తాగితే పడుతుందంట, మాగిన అరటిపండు తిన్నా పడుతుందంట, పాన్ పరాగ్ వేసుకున్నా పడుతుందంట. ఎవరికీ సరిగ్గా తెలియదు. మా డ్రైవరు బాబాయ్ చుక్క ముట్టని మనిషి. అయినా ఆ చలికాలం దగ్గుతో ఊపిరాడక నానా యాతన పడి కూడా సీసా మందు ముట్టలేదు. అల్లం నమిలి నెట్టుకొచ్చాడు.

మిషను వచ్చాక పెద్ద నోరు కండక్టరుకి కొత్త పాట దొరికింది. ఇప్పపువ్వుతో సారా కాస్తారని అందరికీ తెలుసు కదా. "మేడమ్ బాక్సులనే బట్టీ పెట్టింది" అన్నాడు. "మేడమ్‌ను ఊదిస్తే మిషను పేలిపోతది" అన్నాడు. గది నవ్వింది. మాకు డ్యూటీలు వేసే కంట్రోలర్ కూడా నవ్వాడు. నా వెనక కూడా అనుకునేవాళ్లని తెలుసు. బస్టాండులో టీ కొట్టు దాకా పోయింది ఆ పాట. నేను పట్టించుకోనట్టు ఉండేదాన్ని.

ఒకరోజు అడవి ట్రిప్పులో టికెట్ తీయనని ఒకతను పేచీ పెట్టాడు. నడుమలో దింపేశాం. అతను వేరే బండిలో మాకంటే ముందే డిపోకి చేరాడు. బస్టాండులో విన్న పాట అతనికి పనికొచ్చింది. లేడీ కండక్టరు ఇప్పసారా తాగి డ్యూటీలో తూలుతోందని, ప్యాసింజర్లను కొట్టబోయిందని డిపో మేనేజరు ముందు కూర్చుని చెప్పాడు. మేనేజరు కొత్తగా వచ్చిన మనిషి, మా ప్రాంతం వాడు కాదు. కంట్రోలర్‌ని పిలిచి అడిగాడట. "అట్లని అంటరు సార్" అన్నాడట కంట్రోలర్. అబద్ధం కాదు కదా. అట్లా అంటారు, తనూ నవ్వుతాడు. ఎందుకంటారన్నది మాత్రం చెప్పలేదు.

బస్సు దిగగానే లోపలికి రమ్మన్నారు. బాక్సు తెమ్మన్నారు. మేనేజరు బల్ల మీద పెట్టి మూత తీశాను. ఆ రోజు మా ఇద్దరికీ సరిపోగా అడుగున కాస్త మిగిలింది. కంట్రోలర్ గోడ వైపు చూస్తున్నాడు. గుమ్మం దగ్గర పెద్ద నోరు కండక్టరు ఉన్నాడు. ఆ రోజు ఆ నోరు పెగల్లేదు.

"ఇదేంటి?" అన్నాడు మేనేజరు.

"ఇప్పపువ్వు సార్."

"దీంతో సారా కాస్తారా, కాయరా?"

"కాస్తరు సార్. కానీ ఇది..."

"డ్యూటీలో తిన్నావా, లేదా?"

"తిన్న సార్."

బెల్లంతో కూడా కాస్తారు సార్, బెల్లం తిన్నవాళ్లందరినీ పిలుస్తారా అని అడగాల్సింది. ఇప్పుడు ఎన్నిసార్లు అయినా అడగగలను. అప్పుడు మాత్రం తట్టలేదు. కాంట్రాక్టు కండక్టరును తీసేయడానికి విచారణలు అవసరం లేదు. రేపటినుంచి రావద్దంటే చాలు. తమ్ముడి మొహం ఒకసారి, బాక్సు కట్టే అమ్మ చేతులు ఒకసారి కళ్ల ముందు ఆడాయి. డ్యూటీలో తాగినందుకు తీసేశారని మా గూడెంలో ఎట్లా చెప్పాలి? రేపు ఇంకో కోయపిల్ల ఈ పనికి వస్తే ఆమెకి ఏమని చెప్తారు?

అప్పుడు గుమ్మంలో ఉన్న కండక్టరును పక్కకి జరిపి డ్రైవరు బాబాయ్ లోపలికి వచ్చాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

"నేను గూడ తిన్న సార్" అన్నాడు.

మేనేజరు తలెత్తాడు. "ఏం తిన్నావు?"

"గదే, ఆ బాక్సులది. ఇయ్యాలనే కాదు, రోజూ తింట. ఆమెకంటె నాలుగు ముద్దలు ఎక్కువనే తింట. బండి నడిపింది నేను. ఆమె తూలితే ఎవరో ఒకరు పట్టుకుంటరు, నేను తూలితే బస్సు మొత్తం వాగుల పడ్తది. అందుకని ముందు నన్ను ఊదియ్యిండ్రి."

"నువ్వు ఇది తింటావా?" మేనేజరుకి నమ్మకం కుదరలేదు. "బాగుంటుందా?"

గదిలో అందరం ఆయన వైపు చూశాం. నా ఉద్యోగం ఆ నిమిషంలో ఆయన నోటిమీద వేలాడుతోంది. ఒక్క మంచి మాట చెప్పినా పోయేదేముంది.

"బాగలేదు సార్" అన్నాడు. "ఇయ్యాల చింతపండు పడలే."

మేనేజరు మిషను తెప్పించాడు. ఆయన గొట్టం అందుకుని, తువ్వాలుతో తుడిచి, బుగ్గలు పూరించి ఊదాడు. ఆ చిన్న గాజు కిటికీలో అంకె తేలింది. సున్నా. తర్వాత నన్ను ఊదమన్నారు. అదే గొట్టంలో ఊదాను. సున్నా.

"సరే, వెళ్లండి" అన్నాడు మేనేజరు. తర్వాత కంట్రోలర్ వైపు తిరిగి, "మీరు ఉండండి" అన్నాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కంట్రోలర్ బయటికి వచ్చాక నా దగ్గర ఆగి, "నవ్వులాటకి అన్నదమ్మా, గింత దూరం పోతదనుకోలే" అన్నాడు.

డ్రైవరు బాబాయ్ నా బాక్సు తనే పట్టుకుని నేరుగా సిబ్బంది గదిలోకి నడిచాడు. ఖమ్మం ట్రిప్పుకి ఇంకా టైముంది. పొడుగు బల్ల నడుమ బాక్సు పెట్టి, "కూసో బిడ్డా" అన్నాడు. కూర్చున్నాను. మిగిలింది తినమన్నాడు. తిన్నాను. ఆయన ఎవరినీ తిట్టలేదు, నీతులు చెప్పలేదు. ఎదురుగా పెద్ద నోరు కండక్టరు తన బాక్సు విప్పుకుని తల దించుకుని ఉన్నాడు. ఈయన చేయి చాపి అతని పప్పు ఇంత తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపాడు. పైకి చూశాడు.

"ఏందో తక్కువైంది" అన్నాడు.

గది నవ్వింది. ఈసారి నేను నవ్వాలని నవ్వాను. ఆ కండక్టరు కూడా నవ్వాడు పాపం, కళ్లు మాత్రం ఎత్తలేదు. ఆ తర్వాత ఆ గదిలో నా బాక్సు మీద మాటలు ఆగిపోయాయని చెప్తే అది అబద్ధం. తిండి దగ్గర మనుషుల నోళ్లు ఆగుతాయా? కానీ రుచి చూడకుండా మాట్లాడేవాళ్లు తగ్గారు. చూసినవాళ్లలో కొందరు ముఖం చిట్లించారు, కొందరు రెండోసారి చేయి చాపారు. ఆఫీసు మేడమ్ మాత్రం చివరిదాకా ఆరోగ్యం గురించే మాట్లాడింది. ఇప్పుడు ఇప్పపూల లడ్డూలు రంగు డబ్బాల్లో పెట్టి అమ్ముతుంటే ఆమె కొంటూ ఉంటుందని నా నమ్మకం.

ఆ తర్వాత కొన్నాళ్లకి నేను పర్మినెంటు అయ్యాను. తమ్ముడి చదువు పూర్తయింది. ఆయన రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ అడవి ఊరికి మేమిద్దరం కలిసి వెళ్లిన ఆఖరి ట్రిప్పులో, బడి గోడ నీడన తినడం అయిపోయాక, ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నది అడిగాను. "బాబాయ్, ఆ రోజు మేనేజరు ముందు అంత ధీమాగా ఎట్ల ఊదినవ్?"

"ధీమా ఏంది?" అన్నాడు పళ్లు కుట్టుకుంటూ.

"అదే. ఇప్పపువ్వు కూర తింటే మిషన్ల పడదని నీకెట్ల తెల్సు?"

"నాకేం తెల్సు?"

నేను అర్థం కానట్టు చూశాను. మాకైతే తెలుసు. పుట్టినప్పటినుంచి తింటున్నాం, పసిపిల్లలకి పెడతాం, ఎవరూ తూలింది లేదు. నా భయమంతా నా మాట వినరని. మిషను ఏమంటుందోనన్న భయం నాకు ఏ కోశానా లేదు. ఈయనకీ నాలాగే తెలుసని, తెలిసే లోపలికి వచ్చాడని ఇన్నేళ్లూ అనుకున్నాను.

"అరటిపండు తింటేనే పడ్తదంటిరి అందరు. సారా కాసే పువ్వు తింటె పడదని ఎవరు చెప్పాలె నాకు?" అన్నాడు. "పొద్దున ఊదినంక తినుడు, మల్ల తెల్లారి ఊదుడు. నడుమల ఎన్నడన్న చూసుకున్ననా? ఆ గొట్టం పట్టుకున్నప్పుడు నాకు చెమటలు పోసినయ్. తుడిచింది గొట్టాన్ని కాదు, నా చేతిని."

"మరి పడితే?"

"పడితే ఏముంది, నా కొలువు పోతుండె."

"మరెందుకు వచ్చినవ్ బాబాయ్?"

ఆ ప్రశ్నకి ఆయనకి కొంచెం విసుగొచ్చింది. ఇంత చిన్న సంగతి విడమరిచి చెప్పాలా అన్నట్టు నా వైపు చూశాడు.

"కలిసే తింటిమి గద" అన్నాడు. లేచి, అద్దానికి తగిలించిన చొక్కా తీసుకుని తొడుక్కున్నాడు.